అండమాన్ స్కూబా కోర్సు: సగం కడపలోనే అయిపోతుంది

అండమాన్‌లో ఉండేది ఐదు రోజులే, కడపలో సముద్రం లేదు, స్కూబా (సిలిండర్ గాలితో నీటి అడుగున ఈదడం) సర్టిఫికెట్ ఎలా అని అడిగారు కదా. టెన్షన్ వద్దండీ. ప్యాడీ (డైవింగ్ నేర్పే అంతర్జాతీయ సంస్థ) వాళ్ల మొదటి కోర్సు ఓపెన్ వాటర్ పాఠాలు ఆన్‌లైన్‌లో ఇంట్లోనే చదివేయండి. ప్రాక్టీసు, సముద్రంలో 4 డైవ్‌లు అక్కడ మూడు నాలుగు రోజుల్లో అవుతాయి. ఆస్తమా లాంటివి ఉంటే మెడికల్ ఫారం మీద డాక్టర్ సంతకం ఇప్పుడే తీసుకోండి.

కోర్సులో ఈత పరీక్ష 200 మీటర్లు, టైం లిమిట్ లేదు. 10 నిమిషాలు నీళ్లలో తేలడమే కష్టం. బెండు కట్టుకుని బావిలో ఈత నేర్చినవాణ్ణి, నాకే రెండో నిమిషానికి కాళ్లు కిందికి జారాయి. తల వెనక్కి వాల్చి, ఛాతీ నిండా గాలి పట్టాక కుదిరింది. స్విమ్మింగ్ పూల్‌లో రోజూ ప్రయత్నించండి.

చివరి డైవ్ తర్వాత కనీసం 18 గంటలు ఫ్లైట్ ఎక్కకూడదు. రిటర్న్ టికెట్ అలా చూసుకోండి.