గుడి కంచె నుంచి ఎంత దూరంలో ఇల్లు కట్టుకోవచ్చు?

ప్రశ్న: సార్, మాది ఉదయగిరి దగ్గర పల్లె. మా మామగారి ద్వారా వచ్చిన 36 అంకణాల స్థలం ఉంది. వెడల్పు 36 అడుగులు, లోతు 72 అడుగులు. వీధి వైపు ఆయన కట్టిన పెంకుటిల్లు ఉంది, పోయినేడు వానలకు వెనక గోడ కూలింది. అది పడగొట్టి శ్లాబు ఇల్లు వేసుకుందామని అనుకున్నాం. మాఘమాసంలో అమ్మాయి పెళ్లి. మా వీధి చివర పాత రాతి గుడి ఉంది. అక్కడ కేంద్ర పురావస్తు శాఖ వాళ్ల నీలం బోర్డు పెట్టారు. మా అబ్బాయి ఫోన్‌లో కొలిస్తే గుడి వాకిలి నుంచి మా స్థలానికి 110 మీటర్లు వచ్చింది. గుడి చుట్టూ ఇనుప కంచె ఉంది, వాకిలికీ కంచెకీ మధ్య నలభై అడుగులు ఖాళీ. వంద మీటర్లు దాటింది కాబట్టి భయం లేదని మేస్త్రీ అంటున్నాడు. ఆ చుట్టుపక్కల ఇటుక కూడా పెట్టనివ్వరని ఊళ్లో కొందరు అంటున్నారు. అసలా రూలే తీసేశారని ఇంకొకాయన. అడ్వాన్స్ ఇమ్మని మేస్త్రీ తొందరపెడుతున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, ఉదయగిరి మండలం

జవాబు: అమ్మా, ముందు రెండు పనులు ఆపండి. మేస్త్రీకి అడ్వాన్స్ ఇవ్వకండి. పాత ఇంటి మీద గునపం పడనివ్వకండి. మిగతాది నిదానంగా చెబుతాను. మీకు దారి ఉంది.

మీ అబ్బాయి కొలత తప్పని కాదు, కొలత మొదలుపెట్టిన చోటు తప్పు. చట్టంలో గుడి వాకిలి, గర్భగుడి, గోపురం అన్న మాటే లేదు. రక్షిత కట్టడానికి ప్రభుత్వం గుర్తించిన హద్దు ఎక్కడుందో అక్కడి నుంచి అన్ని వైపులా 100 మీటర్లు నిషేధిత ప్రాంతం. ఆ తర్వాత మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. 1992 జూన్ 16న కేంద్రం నోటిఫికేషన్‌తో వచ్చిన ఈ దూరాలను 2010లో 1958 నాటి పురాతన కట్టడాల చట్టంలోనే చేర్చారు. గుడి కంచె వాకిలికి నలభై అడుగులు, అంటే 12 మీటర్లు ఇవతల ఉంది. అదే హద్దయితే మీ స్థలం 110 మీటర్ల దూరంలో కాదు, 98 మీటర్ల దూరంలో మొదలవుతుంది. అంటే వీధి వైపు రెండు మీటర్లు, ఆరేడు అడుగుల పట్టీ నిషేధిత ప్రాంతంలో పడుతుంది. వెనక ఉన్న అరవై అయిదు అడుగులు నియంత్రిత ప్రాంతంలోకి వస్తుంది. అక్కడ అనుమతి తీసుకుని కట్టుకోవచ్చు.

అయితే కంచే హద్దని నమ్మి కూర్చోవద్దు. ఒక్కోచోట గెజిట్‌లో సర్వే నంబరు మొత్తాన్నీ రక్షిత స్థలంగా చూపిస్తారు, కంచె మాత్రం డబ్బులకు తగ్గట్టు చిన్నగా వేస్తారు. ఆ నంబరు గనక కంచె దాటి మీ వైపు ఇంకో ముప్పై మీటర్లు వచ్చిందనుకోండి, మీ స్థలం మొత్తం నిషేధిత ప్రాంతంలోకి పోతుంది, లెక్కంతా మారిపోతుంది. అందుకే గుడిని చూసుకునే పురావస్తు శాఖ ఆఫీసుకు ఒక అర్జీ పెట్టి, రక్షిత హద్దు పటం, సర్వే నంబరు రాతపూర్వకంగా అడగండి. దాన్ని మండల సర్వేయరు దగ్గరున్న ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) పటంతో కలిపి చూడాలి. కొలతకు ఫోను చాలదు. హద్దు మీద మీ స్థలానికి దగ్గరగా ఉన్న బిందువు నుంచి, మీ స్థలంలో హద్దుకు దగ్గరగా ఉన్న మూలకి సర్వేయరు చేత కొలిపించండి. చాలా ఏళ్లుగా నెల్లూరు జిల్లాలో ఇళ్ల ప్లాన్లు గీస్తున్నాను, కొలత ఆలస్యంగా చేసినవాళ్లు లింటెల్ (తలుపులు, కిటికీల పై దూలం) మట్టానికి వచ్చాక నోటీసు అందుకుని తల పట్టుకోవడం చూశాను. అప్పటికి స్టీలు, సిమెంటు ఖర్చయిపోయి ఉంటాయి.

ఇక మీ మామగారి ఇల్లు. అది వీధి వైపే ఉంది కాబట్టి, ఆ ముందు భాగం నిషేధిత ప్రాంతంలో పడొచ్చు. 1992 జూన్ 16కి ముందు నుంచీ ఉన్న ఇల్లయితే దాన్ని బాగు చేసుకోవడానికి దరఖాస్తు పెట్టుకునే హక్కు మీకుంది. కూలిన గోడ లేపడం, పెంకు మార్చడం, దూలాలు సరిచేయడం లాంటివన్నమాట. పడగొట్టి అదే చోట కొత్తగా కట్టడం మాత్రం మరమ్మతు కాదు, నిషేధిత ప్రాంతంలో దానికి అనుమతి రాదు. ఈ తేడా మీ మేస్త్రీకి తెలియదనుకోను. "పాత గోడ రెండడుగులు ఉంచుదాం, రిపేరు అని చూపిద్దాం" అని ఎవరైనా చెబితే వినకండి. నిషేధిత ప్రాంతంలో కట్టినా, నియంత్రిత ప్రాంతంలో అనుమతి లేకుండా కట్టినా రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. జైలు మాట అటుంచండి, కట్టినదాన్ని తీసేయమంటే ఆడపిల్ల పెళ్లి పెట్టుకున్న ఇంట్లో ఆ బాధ చెప్పనలవి కాదు.

పాత ఇంటి వయసు రుజువు చేయడానికి కాగితాలు ఇప్పుడే వెతకండి. ట్రంకు పెట్టెలో మామగారి పాత ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, రిజిస్ట్రేషన్ దస్తావేజు ఉండే ఉంటాయి. పంచాయతీ డిమాండ్ రిజిస్టరులో ఆ ఇల్లు ఏ ఏడాది నుంచి ఉందో నకలు తీసుకోండి. కూలిన గోడ ఫోటోలు, తేదీ కనిపించేలా, నాలుగు వైపుల నుంచీ తీయండి. అలా తీసేదాకా ఒక్క ఇటుక కదిలించవద్దు.

కొత్త ఇల్లు వెనక భాగంలో కట్టుకుందామనుకుంటే (నా సలహా అదే, ముందు పట్టీ వాకిలిగా, మొక్కలకు వదిలేయండి), దానికి పంచాయతీ ప్లాను అనుమతి ఒకటి, జాతీయ స్మారకాల ప్రాధికార సంస్థ సిఫారసు మీద వచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఒకటి, రెండూ కావాలి. ఒకటి ఉంది కదా అని రెండోది వదలకూడదు. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టాలి. అంకణాలు, సెంట్లు అక్కడ నడవవు, చదరపు మీటర్లలో రాయాలి. మన నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు కాబట్టి మీ 36 అంకణాలు సుమారు 241 చదరపు మీటర్లు. ఎత్తు దగ్గర జాగ్రత్త! పిట్టగోడ, మెట్ల గది, నీళ్ల ట్యాంకు కూడా కలుపుకునే మొత్తం ఎత్తు చూస్తారు. శ్లాబు దాకా రాసి, ట్యాంకు తర్వాత పెట్టుకుందాంలే అంటే కుదరదు. బోరు, సెప్టిక్ ట్యాంకు ఎక్కడ వస్తాయో కూడా ప్లానులో చూపించండి, సెప్టిక్ ట్యాంకు గుడికి దూరంగా వెనక మూలకు పెట్టండి.

దరఖాస్తు అందాక ఎన్‌ఓసీ ఇచ్చే అధికారి 15 రోజుల్లో దాన్ని ప్రాధికార సంస్థకు పంపాలి, వాళ్లు రెండు నెలల్లో అభిప్రాయం చెప్పాలి, ఆ తర్వాత నెలలోగా అధికారి నిర్ణయం తీసుకోవాలి. చట్టం ఇచ్చిన గడువులే కలిపితే మూడున్నర నెలలు. కాగితం లోటుంటే ఇంకా సాగుతుంది. ఆ తర్వాత పునాది, పిల్లర్లు, శ్లాబు. మాఘమాసానికి ఇల్లు అందదమ్మా, అందుతుందని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టలేను. పెళ్లి ఖాళీ స్థలంలో పందిరి వేసి చేయండి. మరమ్మతుకు అనుమతి వస్తే పాత ఇంటి గోడ ఈలోగా లేపుకోవచ్చు.

రూలు తీసేశారన్న మాట నేనూ విన్నాను. 2018 జనవరిలో లోక్‌సభలో పాసైన సవరణ బిల్లు గురించి ఆ ప్రచారం పుట్టి ఉంటుంది. ఆ బిల్లు కేంద్ర ప్రభుత్వం చేపట్టే ప్రజా పనుల కోసం పెట్టింది, మన ఇళ్లకు దానితో సంబంధం లేదు.

ఒక మాట నా మనసులోంచి చెబుతాను. ఈ రూలు చూసి గుడి మీద కోపం తెచ్చుకోకండి. 1514లో శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరి కోటను గజపతుల నుంచి తీసుకుని, ఇక్కడి బాలకృష్ణుణ్ణి తీసుకెళ్లి హంపీలో గుడి కట్టించి నిలిపాడు. మన కొండ చుట్టుపక్కల ఊళ్లలో అప్పటి రాళ్లు ఇంకా నిలబడి ఉన్నాయి. ఆ కాలపు గోడల్లో చాలాచోట్ల సిమెంటు లేదు, సున్నం లేదు, రాయి మీద రాయి బరువుతో ఆగి ఉంటుంది. పక్కన బోరు బండి అదిరితే, మురుగునీరు పునాదిలోకి దిగితే ముందు కదిలేది అదే. మీ ఇల్లు పది అడుగులు వెనక్కి జరిగితే ఆ గుడికి మేలు, మీకు నష్టం లేదు. పునాది తవ్వేటప్పుడు శిల్పమో, శాసనం ఉన్న రాయో, పాత నాణేలో బయటపడితే పని ఆపి తహసీల్దారుకు చెప్పండి. భూమిలో దొరికే నిధుల మీద 1878 నాటి చట్టం ఇప్పటికీ అమలులో ఉంది. దొరికిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాల్సిందే.

ప్రశ్న: మా ఇంటి పక్కన దేవాదాయ శాఖ గుడి ఉంది, చాలా పాతది. పై అంతస్తు వేద్దామంటే వంద మీటర్ల రూలు అడ్డొస్తుందా?
– ఒక పాఠకుడు, మార్కాపురం

జవాబు: గుడి పాతదైనంత మాత్రాన, దేవాదాయ శాఖ కింద ఉన్నంత మాత్రాన ఈ కేంద్ర చట్టం వర్తించదు. రక్షిత కట్టడంగా నోటిఫై అయి ఉండాలి. గుడి ఆవరణలో బోర్డు ఉందేమో చూడండి. కేంద్ర పురావస్తు శాఖ పేరుంటే పైన చెప్పిందంతా మీకూ వర్తిస్తుంది, పై అంతస్తుకు కూడా. రాష్ట్ర పురావస్తు శాఖ పేరుంటే దానికి 1960 నాటి రాష్ట్ర చట్టం వేరే ఉంది, ఆ శాఖకు రాసి జవాబు కాగితం మీద తీసుకోండి. బోర్డే లేకపోతే కూడా రెండు శాఖలకూ ఒక్కో అర్జీ పెట్టి, మీ గుడి జాబితాలో లేదని రాయించుకుని మున్సిపాలిటీ ప్లానుకు జత చేయండి.