పెద్ద వాలై చేతికొస్తే: మేనల్లుడికి ఉత్తరం

చి. కార్తీక్‌కి మామయ్య ఆశీస్సులు.

ఫోటో అందింది. చేప బాగుంది, నీ నవ్వూ బాగుంది. కింద "10 పౌండ్లు" అని రాశావు చూడు, అక్కడే తేడా వచ్చింది.

ఫోటోలో చేప సైజు తేల్చాలంటే మనిషి ముఖం వైపు చూడకూడదు, చేతి వైపు చూడాలి. నువ్వు చేతులు బారచాపి చేపను కెమెరా ముందుకు నెట్టావు. ముఖం వెనక ఉండిపోయి చిన్నదైంది, చేప ముందుకొచ్చి పెద్దదైంది. కానీ దాన్ని పట్టుకున్న అరచెయ్యి చేప ఉన్న దూరంలోనే ఉంది కాబట్టి ఆ రెండిటి నిష్పత్తి మారదు. నాలుగు వేళ్లూ కలిపితే మూడున్నర అంగుళాలు వేసుకో. ఆ లెక్కన ముక్కు నుంచి తోక చివర దాకా ఏడు అరచేతుల వెడల్పు వచ్చింది. అంటే ఇరవై నాలుగున్నర అంగుళాలు, బరువు అయిదున్నర పౌండ్ల దగ్గర. మిన్నెసోటాలో అది మంచి చేపే, సిగ్గుపడాల్సిందేం లేదు. పది పౌండ్లది మాత్రం కాదు.

వాలై అన్న పేరు విని మీ అమ్మ మన వాలుగ చేప అనుకుంటోంది, కాదని చెప్పు. వాలుగకు పొలుసులుండవు, మీసాలుంటాయి. ఈ వాలై అమెరికా, కెనడాల మంచినీటి చేప, పెర్చ్ కుటుంబానిది. వీపు మీద ముళ్ల రెక్క, రాత్రి లైటు పడితే మెరిసే కళ్లు చూస్తే మనవాళ్లకు పండుగప్ప గుర్తొస్తుంది. కెనడా వైపు వెళితే దీన్నే పికరల్ అంటారు, తికమక పడకు.

ఇక లెక్క. వాలై పొడవును అంగుళాల్లో తీసుకుని, ఆ అంకెను మూడుసార్లు వేసి గుణించి (20 × 20 × 20 లాగా), 2700తో భాగిస్తే సుమారు బరువు పౌండ్లలో వస్తుంది. 20 అంగుళాలదానికి మూడు పౌండ్లు. 24కి అయిదు పైచిలుకు. 26కి ఆరున్నర. 28కి ఎనిమిది. 30కి సరిగ్గా పది. చేప పొడుగు పెరిగితే వెడల్పూ మందమూ కూడా పెరుగుతాయి గనుకే మూడుసార్లు వేసి గుణించడం. అందుకే 28 దాటాక అంగుళం తేడా వస్తే పౌండు తేడా వచ్చినట్టే. "ముప్ఫై ఉంటుందిలే" అని కంటి అంచనా వేసిన చేప 28 తేలితే రెండు పౌండ్లు గాల్లో కలిసిపోతాయి. నీళ్లలో ఉన్నప్పుడు చేప దగ్గరగా, పెద్దగా కనబడుతుంది కూడా. బోటు పక్కకొచ్చిన చేపను చూసి మనసులో ఒక అంకె అనుకుంటావు కదా, అందులోంచి రెండు మూడు అంగుళాలు తీసెయ్.

28 అంగుళాలు, అంటే 71 సెంటీమీటర్లు దాటితే దాన్ని ట్రోఫీ అనొచ్చు. కెనడాలోని మానిటోబాలో పెద్ద చేప పట్టినవాళ్లకిచ్చే మాస్టర్ ఆంగ్లర్ గుర్తింపుకు పెట్టిన కొలతా అదే. ఆ సైజు దాటినవి దాదాపు అన్నీ ఆడ చేపలే, చాలా సరస్సుల్లో వాటి వయసు పదేళ్ల పైమాటే.

పొడవొక్కటే చాలదు, చుట్టుకొలత కూడా తియ్యి. పొడవును చుట్టుకొలతతో రెండుసార్లు గుణించి 800తో భాగించు. 30 అంగుళాల చేపకు చుట్టు 15 ఉంటే 8.4 పౌండ్లు. అదే 17 ఉంటే 10.8 పౌండ్లు. ఒకే పొడవు, రెండున్నర పౌండ్ల తేడా! గుడ్లు పెట్టకముందు, మంచు కరిగే రోజుల్లో, కడుపునిండా జనతో ఉన్న చేప వేరు. గుడ్లు వదిలేసి జూన్‌లో కడుపు లోపలికి పోయి తిరిగే చేప వేరు. తల పెద్దగా, ఒళ్లు సన్నగా కనబడితే పొడవు సూత్రం ఎక్కువ చూపిస్తుంది. తల వెనకే వీపు ఎత్తుగా లేచి, పొట్ట కిందికి జారి ఉంటే తక్కువ చూపిస్తుంది.

సూత్రాలను నమ్మడానికీ ఒక హద్దుంది. మిన్నెసోటా రికార్డు చేప 1979లో సీగల్ నదిలో పడింది. 17 పౌండ్ల 8 ఔన్సులు, పొడవు 35.8 అంగుళాలు, చుట్టు 21.3. పొడవు సూత్రం వేస్తే 17 దగ్గరకొస్తుంది, చుట్టుకొలత సూత్రం వేస్తే 20 దాటిపోతుంది. ఒహాయో రికార్డుది తలకిందుల కథ. 1999 నవంబరులో లేక్ ఈరీలో దొరికింది, 33 అంగుళాలు, 16.19 పౌండ్లు. పొడవు సూత్రం దానికిచ్చేది పదమూడు పౌండ్ల చిల్లరే. కాబట్టి రెండు సూత్రాలూ వేసి ఆ మధ్యలో ఎక్కడో ఉంటుందనుకో. త్రాసు ఉంటే ఈ లెక్కతో పనేలేదు.

సూత్రాల అసలు ఉపయోగం అబద్ధాన్ని పట్టుకోవడంలో ఉంది. టెనెసీలో ఓల్డ్ హికరీ సరస్సులో 1960లో పట్టినదాన్ని 25 పౌండ్ల ప్రపంచ రికార్డుగా రాసుకున్నారు. దానికి చెప్పిన కొలతలు 41 అంగుళాల పొడవు, 29 చుట్టు. చుట్టుకొలత సూత్రం వేసి చూడు, 43 పౌండ్లొస్తుంది! ఆ చుట్టుకొలతకీ బరువుకీ పొసగదు. ఆ చేప మీద వాదన ఇప్పటికీ నడుస్తూనే ఉంది. 2022 సెప్టెంబరులో క్లీవ్‌లాండ్‌లో జరిగిన వాలై పోటీ సంగతి నువ్వూ వినే ఉంటావు. చూపుకు నాలుగేసి పౌండ్లుండాల్సిన చేపలు త్రాసు మీద ఏడేసి తూగాయి. నిర్వాహకుడికి అనుమానమొచ్చి పొట్ట కోస్తే సీసపు గుండ్లు బయటపడ్డాయి. కన్ను అలవాటు పడితే అలా పట్టేస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కు. చేప ఎంతుందో రుజువు చేసుకోవడానికి నువ్వు చేసే ప్రతి పనీ, కొలవడం, తూచడం, ఫోటో దిగడం, ఆ చేప ప్రాణం మీదికి తెచ్చేదే. అందుకని సరంజామా అంతా ముందే సిద్ధంగా ఉండాలి. చేప పైకొచ్చాక "ఆ టేపెక్కడ పెట్టానురా" అని డబ్బాలు వెతుక్కోవడం మొదలైందా, అది నీ చేతుల్లోనే చస్తుంది. ముక్కుపొడుగు ప్లైయర్, గాలం తీగ కోసే కట్టర్, దర్జీలు వాడే మెత్తటి టేపు, అడ్డపలక ఉన్న కొలబల్ల, ఫోను, ఇవన్నీ ఒకే చోట, చెయ్యి చాపితే అందేలా పెట్టుకో. రాడ్ మీద పిడి చివర నుంచి 20, 24, 28 అంగుళాల దగ్గర రంగు టేపు చుట్టి ఉంచు. చేప నీళ్లలో ఉండగానే రాడ్ పక్కన పెడితే కొలబల్ల తియ్యాలా వద్దా అన్నది తేలిపోతుంది.

వల రబ్బరు పూత ఉన్నదే కొనుక్కో. ముడులున్న నైలాన్ వల చేప ఒంటి మీది జిగురు పొరను గీకేస్తుంది, తోక రెక్కల్ని చీల్చేస్తుంది. ఆ జిగురే దాని కవచం. అది పోయిన చోట వారం పది రోజుల్లో బూజు పడుతుంది. పొడి చేతులు, పొడి గ్లవ్స్, బోటు అడుగున పరిచే కార్పెట్, ఇవన్నీ చేసేదీ అదే పని. చేతులు తడిపాకే ముట్టుకో, కొలబల్ల మీద కూడా నీళ్లు చల్లు.

చేప వలలో పడగానే ఎత్తకు. వల అంచు బోటుకు ఆనించి, చేపను నీళ్లలోనే ఉండనివ్వు. గాలం అక్కడే తియ్యి. ముందే గాలం ముల్లుకున్న చిన్న కొక్కేన్ని ప్లైయర్‌తో నొక్కేసి ఉంచితే ఒక్క తిప్పుకి వచ్చేస్తుంది. గాలం గొంతులోకి దిగిపోయి ఉంటే లాగొద్దు, కెలకొద్దు. దారాన్ని గాలానికి దగ్గరగా కోసి వదిలెయ్. గొంతులో గాలంతో బతికే వాలైలు ఉన్నాయి. మొప్పలు చిరిగి రక్తం కారేది మాత్రం బతకడం కష్టం.

పట్టుకునే తీరు. నీ ఫోటోలో రెండు వేళ్లు మొప్పల్లోకి దూరి ఉన్నాయి, చేప నిలువునా వేలాడుతోంది. ఆ రెండూ తప్పే. ఎర్రగా దువ్వెన పళ్లలా కనబడేవే దాని ఊపిరితిత్తులనుకో. అక్కడ వేలు తగిలితే చిరుగుతాయి. నిలువుగా వేలాడదీస్తే ఒంటి బరువంతా దవడ కీలు మీదా మెడ వెన్నుపూస మీదా పడుతుంది. నీళ్లలో ఆ బరువును నీళ్లే మోస్తాయి, దాని ఒళ్లు వేలాడ్డానికి పుట్టింది కాదు. ఒక చేత్తో తోక మొదలు పట్టుకో, రెండో అరచెయ్యి తల వెనక పొట్ట కింద పెట్టు, అడ్డంగా ఎత్తు. బాస్ చేపను పట్టినట్టు నోట్లో బొటనవేలు పెట్టకు, కోరపళ్లున్నాయి. మొప్పమూత అంచు బ్లేడులా కోస్తుంది, వీపు ముళ్లు గుచ్చుకుంటాయి. కళ్ల మీద వేళ్లు వెయ్యకు, ఆ కళ్లే దాని వేట.

నీళ్లలోంచి ఎత్తాక ముప్ఫై సెకన్లు. అంతకన్నా వద్దు. ఎత్తినప్పుడు నువ్వూ ఊపిరి బిగబట్టు, నీకు ఆయాసమొచ్చేసరికి దానికీ వచ్చినట్టే. తడిపిన బల్ల మీద ముక్కును అడ్డపలకకు ఆనించి, నోరు మూసి, తోక రెక్క రెండు కొనల్నీ దగ్గరికి నొక్కి, ఎక్కువ పొడుగున్న కొన దగ్గర చదువు. నోరు తెరిచి ఉంటే అర అంగుళం కొలత ఊరికే కలుస్తుంది. చుట్టు కొలత వీపు మీది మొదటి రెక్క దగ్గర, ఒళ్లు బాగా లావుగా ఉన్న చోట. టేపు బిగించకు, ఆనించు చాలు. టేపు లేకపోతే తడి దారం చుట్టి, గుర్తుపెట్టి, తర్వాత తీరిగ్గా కొలుచుకో. ఒకేసారి అన్నీ చెయ్యాలని లేదు. పొడవు తీసి మళ్లీ వలలో నీళ్లలో పెట్టు, కాస్త తేరుకున్నాక ఫోటో తియ్యి.

తూచాలనుకుంటే దవడకు కొక్కెం తగిలించే త్రాసు వద్దు. వలతో సహా తూచి, తడి వల బరువు తీసెయ్. పొడి వల బరువు వేరు, తడి వల బరువు వేరు. చేప పడకముందే వలను తడిపి తూచి ఆ అంకె బోటు మీద రాసుకో.

వదిలేటప్పుడు విసరకు. పొట్ట కింద చెయ్యి వేసి, నిటారుగా, తల అల వచ్చే వైపు పెట్టి పట్టుకో. చాలామంది ముందుకీ వెనక్కీ ఊపుతుంటారు. వెనక్కి లాగినప్పుడు నీళ్లు మొప్పల్లోకి ఎదురు పోతాయి, అది మేలు కాదు. కదలకుండా పట్టుకుంటే చాలు. మొప్పలు తాపీగా ఆడుతూ, తోక గట్టిగా విదిల్చి, అది నీ చెయ్యి దాటి పోవాలి.

ఎంత జాగ్రత్తగా చేసినా వదిలితే బతకనివి కొన్నుంటాయి. ముఖ్యంగా 30 అడుగుల కన్నా లోతులోంచి లాగినవి. వాలై గాలితిత్తికి గొంతులోకి దారి ఉండదు, పైకి తెస్తుంటే ఆ గాలి వ్యాకోచించి కడుపు నోట్లోకి తోసుకొస్తుంది, కళ్లు ఉబ్బుతాయి, వదిలినా వెల్లకిలా తేలుతుంది. సూదితో గుచ్చి గాలి తీసే విద్య కొందరు చూపిస్తారు, అనుభవం లేని చేతుల్లో గుండెకో కాలేయానికో తగులుతుంది, ఆ జోలికి పోకు. వదిలేయాలనుకున్నప్పుడు అంత లోతులో గాలమే వెయ్యకు. ఎండాకాలం నీళ్లు 70 ఫారన్‌హీట్ దాటాక కూడా వదిలినవి చచ్చే లెక్క బాగా పెరుగుతుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది, చేపకేమో కొట్లాడి కొట్లాడి ఎక్కువ కావాలి. ఆ రోజుల్లో గట్టి దారం వాడి త్వరగా లాగు. ఇక లేక్ ఆఫ్ ది వుడ్స్ లాంటి చోట, గడ్డకట్టిన సరస్సు మీద గుడిసె వేసుకుని మంచుకు కన్నం చేసి పట్టేటప్పుడు, బయట సున్నాకు ఇరవై కింద ఉంటే తడి కళ్లూ మొప్పలూ క్షణాల్లో గడ్డకడతాయి. చేపను మంచు మీద పడేసి ఫోటో దిగొద్దు. గుడిసె లోపల కొలిచి కన్నంలోకి వదిలెయ్.

బయల్దేరే ముందు ఆ సరస్సుకు ఆ యేడాది ఏ సైజు ఉంచుకోవచ్చో, ఏది వెంటనే వదలాలో రూల్స్ చూడు. మిల్ లాక్స్ సరస్సులో అవి ఏటా మారుతుంటాయి. నిషేధమున్న సైజుదైతే ముందు వదలడం, తర్వాతే మిగతావన్నీ.

మీ అమ్మకు పులుసు కావాలంటే పదిహేను పదహారు అంగుళాలవి తీసుకెళ్లు. పెద్దదాంట్లో పాదరసం ఎక్కువ పేరుకుంటుంది, మాంసమూ ముతక. గోడకు తగిలించే ముచ్చట ఉంటే చంపక్కర్లేదు. పొడవు, చుట్టుకొలత, రెండు పక్కల ఫోటోలు ఇస్తే ఫైబర్‌గ్లాస్‌తో అచ్చం అలాంటిదే చేసిచ్చే పనివాళ్లున్నారు.

ఈసారి ఫోటో కింద పౌండ్లు రాయకు, పొడవు, చుట్టుకొలత రెండూ అంగుళాల్లో రాయి.

మీ మామయ్య

తా.క.: డిజిటల్ త్రాసు మీద 8.5 అని పడితే అది ఎనిమిది పౌండ్ల అయిదు ఔన్సులు కాదురా, ఎనిమిది పౌండ్ల ఎనిమిది ఔన్సులు. పౌండుకు 16 ఔన్సులు.