మన వాకిట్లో అభ్రకం

పాపా,

ఆఖరి సంవత్సరం బట్టల డిజైన్ల కలెక్షన్‌కి మన పాత ఇంటినే ఆధారంగా తీసుకుంటున్నానని నువ్వు ఫోన్లో చెప్పినప్పటి నుంచీ నాకు వేరే ధ్యాస లేదు. ముప్పై ఏళ్ళు వెంకటగిరిలో చీరలు నేయించినదాన్ని. నీకు పనికొస్తాయని నాలుగు మాటలు రాస్తున్నా.

నువ్వు పంపిన బొమ్మల్లో తలుపులు, కిటికీ ఊచలు, పెంకులు చక్కగా ఉన్నాయి. కానీ వాటిని అలాగే గుడ్డ మీదికి ఎక్కించొద్దు. మొదట్లో నేనూ అదే చేశాను. మన సింహద్వారాన్ని చీర ఒంటినిండా నేయించాను. మగ్గం మీద ఎంత ముచ్చటేసిందో! తీరా కట్టుకుంటే సగం తలుపులు కుచ్చిళ్ళలో మడతపడిపోయాయి. ఆరు చీరల్లో ఒక్కటీ అమ్ముడుపోలేదు. నువ్వు కుట్టేది కుర్తా అయినా గౌను అయినా, తొడుక్కున్నాక ఏది కనబడుతుందో ముందు చూసుకో.

కళ్ళు మూసుకుంటే ఆ ఇంట్లో మొదట ఏది గుర్తొస్తుందో అదొక్కటే పట్టుకో. నాకైతే అభ్రకం, అదే మైకా. మనది అభ్రకం గనులున్న సైదాపురం వైపు ఊరు కదా, వాకిట్లో మట్టిలోనే రేకులు దొరికేవి. మీ అవ్వ పొద్దున్నే పేడనీళ్ళు చల్లి ఊడ్చేది. తడి ఉన్నంతసేపూ ఏమీ తెలిసేది కాదు. ఎండ ఏటవాలుగా పడగానే ఇక్కడొకటి, అక్కడొకటి తళుక్కుమనేది. ఒక రేకు ఏరుకుని గోటితో పొరలు ఒలిచేదాన్ని. దళసరి ముక్కలోంచి చూస్తే మీ నాయన మొహం లేత ఆకుపచ్చగా కనబడేది.

ఆ మెరుపును చీరలోకి తేవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. మొదట జరీ బుటాలు వరసలుగా వేయించాను. పెళ్ళిచీర అయింది గానీ మన వాకిలి కాలేదు. మట్టిలో అభ్రకం వరసన ఉండదు కదా! మగ్గం మీద బిగించే జాకార్డు యంత్రంతో అయితే అట్టల్లో రంధ్రాలుగా కొట్టిన డిజైనే తిరిగి తిరిగి వస్తుంది. జామ్దానీ నేతలో అయితే నేతగాడు పడుగు పోగులు, అంటే నిలువు పోగులు లెక్కపెట్టుకుని, ఒక్కో బుటాకి విడిపోగును చేత్తో దూర్చి నేస్తాడు. అందుకే ఏ చుక్క ఎక్కడ పడాలో మనం చెప్పొచ్చు. రోజులు ఎక్కువ పడతాయి, కూలీ కూడా ఎక్కువే. ఆ కూలీ దగ్గర మాత్రం బేరమాడొద్దు తల్లీ. ఆ చీరకి వాడింది 100వ నంబరు నూలు. అంటే ఒక పౌను, అరకిలో కన్నా కాస్త తక్కువ బరువులో 84,000 గజాల పోగు. అంత సన్నటి గుడ్డ మీద జరీ ఎక్కువైతే లాగేస్తుంది. అందుకని బెత్తెడు మేరకు ఒక చుక్కే వేయించాను. చీర ఒంటికి ఊడ్చిన మట్టి రంగు. మీ అవ్వకు చూపిస్తే ఏమీ అనలేదు. చీర మడత పట్టుకుని ఎండలోకి వెళ్ళి, అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

నువ్వూ వెంకటగిరి వెళ్ళి ఒకరోజంతా గుంటమగ్గం (గుంటలో కాళ్ళు పెట్టి నేసే మగ్గం) పక్కన కూర్చో. 2022లో ఆ ఊరు తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది గానీ, నా నోటికి ఇంకా నెల్లూరు జిల్లా వెంకటగిరే.

రంగుల దగ్గర ఫొటోని నమ్మొద్దు. మన గోడలకి సున్నంలో కాస్త నీలిమందు కలిపి కొట్టేవాళ్ళు. నేను పాత ఫొటో చూసి రంగు వేయిస్తే, అది స్కూల్ యూనిఫాం నీలం అయింది. రంగు వేసిన నూలు చిలప (పోగుల కట్ట) తడిగా ఉంటే ముదురుగా కనబడుతుంది. ఆరనిచ్చి, ఎండలో ఒకసారి, ట్యూబ్‌లైటు కింద ఒకసారి చూశాకే ఖాయం చెయ్యి.

సంక్రాంతికి ఇంటికి ప్లాస్టిక్ పెయింటు వేయిస్తానంటున్నాడు మీ నాయన. వంటింటి వెనక గోడ జోలికి పోవద్దని గట్టిగా చెప్పాను. అక్కడ సున్నం పెళ్ళ ఊడి, కింద మూడు పొరలు కనబడుతున్నాయి. డిసెంబరు లోపలే రా. నీ రంగుల నమూనాల షేడ్ కార్డు తెచ్చుకో, పొద్దున ఏడింటికి గోడకి ఆనించి చూద్దాం.

ప్రేమతో,
మీ అత్త