ఆకాశంలో కనిపించిన వింత వెలుగులపై సైన్యాలు చేసిన దర్యాప్తుల్లో ఏం తేలింది?

చాలావరకు అవి గ్రహాలు, ఉల్కలు, బెలూన్లు, మామూలు విమానాలేనని తేలింది. ఇలాంటి ఘటనలపై అమెరికా వైమానిక దళం నడిపిన దర్యాప్తు 'ప్రాజెక్ట్ బ్లూ బుక్'. దాన్ని మూసేసేనాటికి, అంటే 1947-69 మధ్య, ఆ దళం దగ్గర నమోదైన ఘటనలు 12,618. వాటిలో తేలకుండా మిగిలినవి 701.

అనుభవజ్ఞులైన పైలట్లు, సైనికులు కూడా ఎందుకు పొరబడతారు? చీకట్లో ఒంటరి వెలుగు పక్కన పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. అందుకే దాని దూరం, సైజు, వేగం కంటికి అందవు. కాసేపు రెప్పవేయకుండా చూస్తే నిలకడగా ఉన్న చుక్క కూడా కదిలినట్టే అనిపిస్తుంది. దిగంతం దగ్గరైతే దట్టమైన గాలి పొరల వల్ల మిణుకుమంటూ రంగులు మారుస్తుంది.

2012-13లో లద్దాఖ్ సరిహద్దులో మన జవాన్లు రాత్రిళ్లు ఇలాంటి వెలుగులు చూసి చైనా డ్రోన్లేమోనని అనుమానించారు. బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ శాస్త్రవేత్తలు పరిశీలిస్తే అవి గురుడు, శుక్రుడు! అంత ఎత్తులో గాలి పలచన, గ్రహాలు మరీ ప్రకాశంగా కనిపిస్తాయి. సరిహద్దులో ప్రతి వెలుగునూ రాసిపెట్టుకోవడం జవాన్ల బాధ్యత, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

తేలని ఆ 701 గ్రహాంతరవాసుల నౌకలేనని చాలామంది నమ్ముతారు. అది సరికాదు. ఉన్న వివరాలతో అవి ఏమిటో నిర్ధారించలేకపోయారు, అంతే. గ్రహాంతర వాహనాలని చెప్పే ఆధారం ఒక్కదానిలోనూ దొరకలేదని వైమానిక దళమే ప్రకటించింది.