పాత ఆర్గాన్‌ను బాగు చేయించాలా, తీసేసి కొత్తది కొనాలా?

మీ చర్చిలో కాళ్ళతో తొక్కే పాత రీడ్ ఆర్గాన్ గాలి నిలవక మూగబోయిందనీ, దాన్ని తీసేసి పైపు ఆర్గాన్ ధ్వని ఇచ్చే ఎలక్ట్రానిక్ వాద్యం కొనాలని సంఘ పెద్దలు అంటున్నారనీ రాశారు. విశాఖ వన్‌టౌన్‌లోని మా చర్చిలోనూ ఇదే చర్చ జరిగి, చివరకు బాగు చేయించడానికే మొగ్గాము. మీకూ ముందుగా అదే చెబుతాను.

సముద్రపు గాలిలో ఈ వాద్యాలకు ముందు చెడేవి గాలికి కంపించి స్వరం పలికే ఇత్తడి రీడ్లు కావు, గాలిని నడిపే తిత్తులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానులో కిటికీల గుండా కొట్టిన జల్లుకు మా ఆర్గాన్ అడుగుభాగం తడిసింది. ఆ తర్వాత తిత్తుల మడతల దగ్గర రబ్బరు పూత గుడ్డ పెళుసెక్కి చీలింది, కవాటాలకున్న తోలు బిగుసుకుపోయి సరిగా మూసుకోవడం మానేసింది. మీరు ఏ మెట్టూ నొక్కకుండా తొక్కి చూడండి. తిత్తి బాగుంటే పెడళ్ళు క్రమంగా బిగుస్తాయి, తొక్కడం ఆపినా ఆ పట్టు కాసేపు నిలుస్తుంది. అమెరికన్ తరహా ఆర్గాన్ గాలిని లోపలికి పీల్చి మోగుతుంది, హార్మోనియం బయటికి నెట్టి మోగుతుంది కాబట్టి, మీది ఏ రకమో తేల్చుకోకుండా ఎవరినీ కవాటాల మీద చేయి వేయనివ్వకండి.

మా ఆర్గాన్‌లో పలకని రీడ్‌ను కొక్కెంతో లాగి వెలుతురులో చూస్తే, ఇత్తడి నాలుకకూ చట్రానికీ మధ్య నూలుపోగంత చెత్త ఇరుక్కుని ఉండేది; మెత్తని కుంచెతో దులిపితే చాలావరకు పలికేవి. చిలుము పట్టినవాటిని మాత్రం గరుకు కాగితంతో రుద్దించకూడదు, ఎందుకంటే నాలుక కొస అరిగితే శ్రుతి పెరుగుతుంది, మొదలు అరిగితే తగ్గుతుంది.

తిత్తి గుడ్డ అతికించడానికి వజ్రం బంకే (పశువుల చర్మం నుంచి తీసే బంక) వాడమని పట్టుబట్టండి. ఫెవికాల్‌తో పని తొందరగా తెమిలినా, మరోసారి విప్పాల్సి వచ్చినప్పుడు కర్ర కూడా ఊడి వస్తుంది. వజ్రం బంక అయితే వేడికీ తడికీ వదులుతుంది.

ఎలక్ట్రానిక్ వాద్యాలంటే నాకు పడక కాదు, మా యువజన కూటాల్లో కీబోర్డే వాడుతున్నాము. అయితే ఉప్పుగాలి సర్క్యూట్ బోర్డులనూ వదలదు, పైగా ఆ మోడల్ తయారీ ఆగిపోతే విడిభాగాలు దొరకడం కష్టం. తోలుకూ గుడ్డకూ ఆ బెంగ లేదు.

ఆర్గాన్‌నూ కీబోర్డునూ కలిపి వాయించదలచుకుంటే శ్రుతి కలవకపోవచ్చు, ఎందుకంటే పాత ఆర్గాన్లు చాలావరకు నేటి 440 హెర్ట్జ్ ప్రమాణానికి (ఆధార స్వరం A సెకనుకు 440 సార్లు కంపించేలా పెట్టే శ్రుతికి) కట్టినవి కావు. అందుకోసం రీడ్లన్నీ గీయించవద్దు. కీబోర్డులోనే ట్యూనింగ్ మార్చుకునే వీలుంటుంది, దాన్నే ఆర్గాన్ శ్రుతికి తెచ్చుకోండి.