అన్నవాహిక క్యాన్సర్‌లో కీమో మొదట పనిచేసి, తర్వాత ఎందుకు పనిచేయదు?

గడ్డలోని కణాలన్నీ ఒకేలా ఉండవు, అసలు కారణం ఇదే. మందుకు లొంగేవి చనిపోతాయి, గడ్డ చిన్నదవుతుంది. ముందునుంచే తట్టుకోగల కొన్ని కణాలు మిగిలి మళ్లీ పెరుగుతాయి. కొన్ని కణాలు చికిత్స సమయంలోనే కొత్తగా మారతాయి కూడా.

ఎలా తట్టుకుంటాయి? సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు కణంలోని డీఎన్ఏకి అతుక్కుని దాన్ని పాడుచేస్తుంది. మొండి కణాలు ఆ దెబ్బను త్వరగా రిపేరు చేసుకుంటాయి. లేదా గ్లూటాథయోన్ అనే పదార్థం మందును ముందే పట్టేసి పనికిరాకుండా చేస్తుంది. పాక్లిటాక్సెల్ అనే మరో కీమో మందునైతే కణం పొరలోని పంపులు బయటికి తోడేస్తాయి. పీ53 జన్యువు దెబ్బతింటే, పాడైన కణం తనంతట తాను చనిపోయే దారి కూడా మూసుకుపోవచ్చు. ఈ క్యాన్సర్‌లో ఆ జన్యువు చాలా తరచుగా దెబ్బతిని ఉంటుంది.

చాలామంది పట్టించుకోనిది గడ్డ చుట్టూ ఉండే ఫైబ్రోబ్లాస్ట్ కణాల (కణజాలానికి ఆధారంగా ఉండే కణాల) పాత్ర. ఇవి ఐఎల్-6 అనే ప్రోటీన్ లాంటి సంకేతాలు పంపి క్యాన్సర్ కణాలను బతికిస్తాయి.

దయచేసి ఒకటి గమనించండి: మందు పనిచేయకపోవడం రోగి తప్పు కాదు, తిండిలో లోపమూ కాదు. మందు మార్చడం, రేడియేషన్, ఇమ్యునోథెరపీ (రోగనిరోధక శక్తి క్యాన్సర్‌తో పోరాడేలా చేసే చికిత్స) వంటి దారుల గురించి మీ ఆంకాలజిస్టును తప్పక అడగండి.