మల్లె పందిరిపై పసుపు చారల సాలీడు ప్రమాదకరమా?

హైదరాబాద్‌లోని మీ పెరట్లో, మల్లె పందిరికి గూడు కట్టిన పసుపు చారల పెద్ద సాలీడు గురించి అడిగారు. గూటి మధ్యలో తెల్లని వంకర గీతలుండి, కాళ్లను రెండేసి జతచేసి గుణకారం గుర్తులా తలకిందులుగా వేలాడుతుంటే అది ఆర్జియోప్. దాదాపు అన్ని సాలీళ్లకూ విషం ఉంటుంది. దీని విషం ఈగలకూ మిడతలకూ గండమే గానీ, మనకు సాధారణంగా కాసేపు మంట, వాపు, అంతే. పాపం, దాన్ని చీపురుతో కొట్టకండి.

అసలు జాగ్రత్త పడవలసింది విడో సాలీడుతో: చిందరవందర గూడు, నున్నగా మెరిసే నల్లని గుండ్రటి పొట్ట, దానిపై ఎర్రని గుర్తు. మన దేశంలోనూ ఉంది. అది కరిచాక కండరాలు బిగిసి, చెమటలు పడితే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. చెట్టు తొర్రలో కనిపించే నూగు సాలీడునూ ముట్టుకోవద్దు.